‘ఓవర్ ది రెయిన్‌బో’ పాడటం నేర్చుకుందాం: శ్రుతి పెట్టుకోవడం నుంచి చివరి ప్రశ్న దాకా

ఈ పాటలో మొదటి మాట ‘సమ్‌వేర్’. రెండే అక్షరాలు. ‘సమ్’ కింది షడ్జం (స) మీద, ‘వేర్’ పై షడ్జం మీద. మధ్యలో రి లేదు, గ లేదు, ప లేదు. నేల మీద నిలబడ్డ మనిషి ఒక్కసారిగా మిద్దె మీదికి చూపు ఎత్తినట్టు, ఒక పూర్తి స్థాయి దూకుడు. పాట నేర్చుకునేవాళ్ళందరూ ఇక్కడే టెన్షన్ పడతారు. టెన్షన్‌తో గట్టిగా అరుస్తారు, అరిచేసరికి పాట చెడిపోతుంది.

పదేళ్ళుగా మా ఇంట్లో పిల్లలకు కీబోర్డు, లలిత సంగీతం నేర్పుతున్నాను. ‘ఓవర్ ది రెయిన్‌బో’ నేర్పమని అడిగే పిల్లలు, పెద్దలు ప్రతి ఏడాదీ ఉంటారు. వాళ్ళకు నేర్పుతూ నేను గట్టిగా నమ్మిన మాట ఒకటుంది. ఇది పెద్ద గొంతు చూపించే పాట కాదు. ఒక చిన్నపిల్ల తనలో తాను అనుకునే మాట. ఆ దూకుడును కూడా చిన్న గొంతుతోనే దూకాలి. అది ఎలాగో ఒక్కో మెట్టూ చెబుతాను. మీకు సరళీ స్వరాలు వస్తే చాలు. శ్రుతి పెట్టె గానీ ఫోన్‌లో తంబురా యాప్ గానీ, మిమ్మల్ని మీరు వినడానికి ఒక రికార్డర్ కావాలి. రోజుకు అరగంట చొప్పున మూడు, నాలుగు వారాలు పెట్టుకోండి.

మొదటి మెట్టు: పాడకుండా సన్నివేశం చూడండి

పాట 1939లో ఎం.జి.ఎం. స్టూడియో తీసిన ‘ది విజార్డ్ ఆఫ్ ఓజ్’ సినిమాలోది. ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో రాసిన పిల్లల కథ దానికి ఆధారం. పాట సినిమా మొదలైన కొద్ది నిమిషాలకే వచ్చేస్తుంది. డొరొతి అనే అమ్మాయి కాన్సాస్‌లో పిన్ని, బాబాయి పొలంలో పెరుగుతుంటుంది. ఆమె కుక్కపిల్ల టోటో మీద పొరుగింటావిడ పగబట్టింది. ఆ సంగతి చెప్పుకుందామంటే ఇంట్లో అందరూ పనిలో ఉన్నారు, వినే తీరిక ఎవరికీ లేదు. ఏ గొడవా రాని చోటు ఏదైనా చూసుకుని అక్కడ ఉండమ్మా అని పిన్ని విసుగ్గా అంటుంది. పిల్ల ఆ మాటను నిజంగానే తీసుకుంటుంది. గొడవలు లేని చోటు నిజంగా ఉంటుందా అని టోటోను అడుగుతూ, గడ్డివాముకు ఆనుకుని పాట అందుకుంటుంది.

చూస్తున్నప్పుడు రెండు సంగతులు గమనించండి. ఒకటి, ఆమె ఎదురుగా శ్రోతలు లేరు, కుక్కపిల్ల ఒక్కటే ఉంది. రెండు, ఆ సన్నివేశంలో రంగులే లేవు. కాన్సాస్ అంతా మట్టిరంగు ఛాయలో ఉంటుంది. డొరొతి ఓజ్ అనే మాయా దేశంలో అడుగుపెట్టాక గానీ తెర మీద రంగులు విచ్చుకోవు. అంటే ఈ పిల్ల రంగుల్లేని చోట నిలబడి ఇంద్రధనస్సు గురించి పాడుతోంది. ఇంద్రధనస్సు ఆలోచన బామ్ పుస్తకంలో లేదు, పాట రాసిన యిప్ హార్బర్గ్‌ది. ఎండిపోయిన కాన్సాస్‌లో ఆ పిల్ల కంటికి కనిపించే రంగు ఇంద్రధనస్సు ఒక్కటే అని ఆయన అనుకున్నాడు. ఇది మనసులో పెట్టుకుంటే మీ గొంతు దానంతట అదే తగ్గుతుంది. లేని రంగు గురించి ఎవరూ అరిచి చెప్పరు.

ఓజ్ భాగాలు చాలావరకు విక్టర్ ఫ్లెమింగ్ తీశాడు. ఆయన వేరే సినిమాకు వెళ్ళిపోవడంతో కాన్సాస్ సన్నివేశాలు, వాటితో పాటు ఈ పాట, కింగ్ విడార్ తీశాడు. పాడిన జూడీ గార్లండ్ 1922 జూన్‌లో పుట్టింది. 1938 అక్టోబర్‌లో ఈ పాట రికార్డు చేసేనాటికి ఆమెకు 16 ఏళ్ళు.

రెండో మెట్టు: పాట ఎలా పుట్టిందో తెలుసుకోండి

ఇది పాడే పద్ధతికి పనికొచ్చే కథ, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

బాణీ హారల్డ్ ఆర్లెన్‌ది. బఫలో నగరంలో 1905లో పుట్టాడు. తండ్రి యూదుల ప్రార్థనా మందిరంలో ప్రార్థనలు పాడే గాయకుడు. సినిమాకు మిగతా పాటలు చకచకా కుదిరినా డొరొతి పాట మాత్రం ఎంతకీ కుదరలేదు. ఒకరోజు భార్య కారు నడుపుతుండగా హాలీవుడ్‌లోని సన్‌సెట్ బౌలెవార్డ్ మీద, ష్వాబ్స్ మందుల షాపు దగ్గర బాణీ తట్టిందట. కారు ఆపించి అక్కడికక్కడే కాగితం మీద పెట్టుకున్నాడు.

దాన్ని వినిపిస్తే హార్బర్గ్‌కు నచ్చలేదు. ఆర్లెన్ పియానో మీద నిండుగా, గంభీరంగా వాయించాడు. ఇది ఒపెరా గొంతున్న పెద్ద గాయకుడు పాడాల్సింది, కాన్సాస్ పల్లెలో చిన్నపిల్ల పాడేది కాదు అని హార్బర్గ్‌కు అనిపించింది. ఇద్దరూ స్నేహితుడైన మరో పాటల రచయిత ఐరా గెర్ష్విన్ దగ్గరికి వెళ్ళారు. ఆయన విని, కాస్త వేగం పెంచి, వెనక కార్డులు (కలిపి మోగించే స్వరాలు) పలుచన చేసి వాయించమన్నాడు. అలా వాయించగానే బాణీ పిల్లదైపోయింది. ఒక్క స్వరం కూడా మారలేదు. బరువు తీసేశారు, అంతే. మీరు పాడుతూ ‘ఇంకా భావం పెట్టాలేమో’ అని అనుమానం వచ్చినప్పుడల్లా ఈ సంగతి గుర్తు చేసుకోండి. ఈ పాటకు మొదటి మరమ్మతే బరువు తగ్గించడం.

హార్బర్గ్ న్యూయార్క్ పేదపేటలో, రష్యా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో 1896లో పుట్టాడు. 1929 ఆర్థిక పతనంలో ఆయన వ్యాపారం దివాలా తీశాకే పూర్తిగా పాటల్లోకి వచ్చాడు. 1932లో రోడ్డున పడ్డ కార్మికుడి గొంతుతో ఆయన రాసిన పాట అమెరికా మాంద్యానికి గుర్తుగా నిలిచిపోయింది. కష్టాలు కరిగిపోయే చోటు అన్న ఊహ అలాంటి మనిషి చేతిలోంచి వచ్చింది. అందుకే ఈ పాటలో తీపి ఉన్నా పంచదార పాకం లేదు.

విడుదలకు ముందు సినిమాను కొంతమంది ప్రేక్షకులకు వేసి చూపించాక, స్టూడియో పెద్దలు ఈ పాటను కోసేశారు. సినిమా నడక నెమ్మదిస్తోందని వాళ్ళ వాదన. నిర్మాత మెర్విన్ లిరాయ్, ఆయనకు సాయంగా ఉన్న ఆర్థర్ ఫ్రీడ్ పట్టుబట్టి వెనక్కి తెప్పించారు. మంత్రగత్తె కోటలో డొరొతి ఏడుస్తూ మళ్ళీ పాడే చిన్న భాగం మాత్రం పోయింది, అది తిరిగి రాలేదు. మిగిలిన పాట ఆ ఏటి ఉత్తమ గీతంగా ఆస్కార్ అందుకుంది. 2004లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అమెరికా సినిమా పాటల్లో మేలైన 100 ఎంచితే మొదటి స్థానం దీనిదే.

మూడో మెట్టు: శ్రుతి

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. పాట మొదటి స్వరం షడ్జం కాబట్టి ‘నాకు హాయిగా ఉన్న చోట స పెట్టుకుంటాను’ అని మొదలుపెడతారు. మూడో వరసకు వచ్చేసరికి కింద గొంతు అందదు, మధ్య భాగంలో పైన గొంతు చాలదు.

ఎంచుకునే పద్ధతి ఇది. ఈ పాట కింద మంద్ర స్థాయి ద దాకా దిగుతుంది. పైన తార షడ్జం (పై స) తప్పనిసరి, దాని మీద ఇంకొక స్వరం ఎక్కే వెసులుబాటు ఉంచుకోవాలి. తంబురా పెట్టుకుని ముందు మంద్ర ద పాడి నాలుగు మాత్రలు నిలపండి. గాలి తప్ప నాదం రాకపోతే శ్రుతి అర మెట్టు పెంచండి. తర్వాత తార రి మెల్లగా పట్టండి. మెడ నరాలు బిగిస్తే అర మెట్టు తగ్గించండి. రెండూ కుదిరిన చోటే మీ శ్రుతి.

ఇక్కడ మన ఆడపిల్లలకు ఒక మంచి కబురు. సినిమాలో జూడీ ఎ-ఫ్లాట్‌లో పాడింది. అంటే మన లెక్కలో ఐదున్నర శ్రుతి. కర్ణాటక సంగీతం నేర్చుకునే చాలామంది అమ్మాయిలు రోజూ సాధన చేసేది ఇంచుమించు ఆ శ్రుతిలోనే. కాబట్టి మీరు సరళీ స్వరాలు పాడే గొంతుతోనే, ఏమీ మార్చకుండా మొదలుపెట్టవచ్చు. మగవాళ్ళకు ఒకటి నుంచి రెండున్నర మధ్యలో ఎక్కడో ఒక చోట కుదురుతుంది.

అచ్చు స్వరపుస్తకాల్లో ఇది ఎక్కువగా ఇ-ఫ్లాట్‌లో, అంటే రెండున్నర శ్రుతిలో కనిపిస్తుంది. ఆడవాళ్ళు అదే చూసి పాడితే చాలా పైకి పోతారు. కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ వాడుకోండి.

కరోకే ట్రాకులతో జాగ్రత్త. మా అక్క కూతురు స్కూల్ వార్షికోత్సవంలో ఈ పాట పాడాలని నెల రోజులు నా దగ్గర ఐదున్నరలో సాధన చేసింది. తీరా స్టేజీ మీద వేసిన ట్రాక్ వేరే శ్రుతిలో ఉంది. మొదటి ‘సమ్’ దొరికింది గానీ ‘వేర్’ అందక ఆగిపోయింది. పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి నేను చాలా బాధపడ్డాను. ట్రాక్ ముందే తెచ్చుకుని దానితోనే సాధన చేయించి ఉండాల్సింది. ఇప్పుడు నా దగ్గర మొదటిరోజే ట్రాక్ శ్రుతి చూసుకున్నాకే పాట మొదలవుతుంది.

నాలుగో మెట్టు: నాలుగు వరసలు, మూడు దూకుళ్ళు

ఈ బాణీ నడిచేది చాలావరకు మన ధీర శంకరాభరణం స్వరాల మీదే. మొదటి భాగం స్వరాలు ఇవి:

మొదటి వరస: స – పై స – ని ప ద ని – పై స
రెండో వరస: స – ద – ప
మూడో వరస: కింది ద – మ – గ స రి గ మ
నాలుగో వరస: రి – కింది ని స రి గ – స

మాటలు పెట్టకుండా రెండు రోజులు స్వరాలే పాడండి. పాడుతుంటే ఒక అందం బయటపడుతుంది. మొదటి మూడు వరసలూ ఒక్కో దూకుడుతో మొదలవుతాయి, కానీ దూకుడు పోనుపోను చిన్నదవుతుంది. మొదటిది స నుంచి పై స, పూర్తి స్థాయి. రెండోది స నుంచి ద వరకే. మూడోది కింది ద నుంచి మ, ఇంకో అర మెట్టు తక్కువ. నాలుగో వరసలో అలాంటి దూకుడే లేదు, దగ్గరదగ్గర స్వరాల మీద నడుచుకుంటూ ఇంటికి వచ్చేస్తుంది. ఆకాశానికి చూపెత్తిన పిల్ల చూపు మెల్లగా దిగి మళ్ళీ తన కాళ్ళ దగ్గర ఆగినట్టు ఉంటుంది. జోలపాటలో విన్నాను అనే మాట సరిగ్గా ఆ నాలుగో వరసలోనే పడటం ఎంత చక్కగా ఉందో చూడండి. ఈ దిగుడు మీ గొంతులో వినిపించాలి. అందుకే మూడు దూకుళ్ళనూ ఒకే బలంతో పాడకండి. ఒకదాని తర్వాత ఒకటి తగ్గాలి.

తాళం సంగతి సులువు. పాట నాలుగు మాత్రల గతిలో ఉంటుంది, పై వరసల్లో ఒక్కొక్కటి ఎనిమిది మాత్రలు. ఆది తాళం వేస్తే ఒక్కో వరస సరిగ్గా ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు. మొదటి వరసలో స రెండు మాత్రలు, పై స రెండు, ని ఒకటి, ప ద కలిపి ఒకటి, ని ఒకటి, చివరి పై స ఒకటి. చేత్తో తాళం వేస్తూ పాడితే ఎక్కడా తూలరు.

ఇప్పుడు మొదటి దూకుడు. దీనికి నేను వారం రోజులు కేటాయిస్తాను, తొందరపడను.

ముందు దాటు స్వరాలు పాడండి: స ప, స ద, స ని, స పై స. ప్రతి జతా మెల్లగా, జారకుండా. తర్వాత నోరు మూసుకుని ‘మ్’ అంటూ కింది స నుంచి పై స దాకా ఒక్క జారుడుగా వెళ్ళి రండి. దారి గొంతుకు అలవాటవుతుంది. ఆ తర్వాత కింది స పట్టి, రి గ మ ప ద ని మనసులో మాత్రమే అనుకుని, పై స గొంతుతో పాడండి. రెండు మూడు రోజులకు మనసులో అనుకోవాల్సిన అవసరం కూడా పోతుంది, గొంతే వెళ్ళి నిలబడుతుంది.

అది కుదిరాక కింది స కంటే పై స ను మెల్లగా పాడండి. అందరికీ తిరగబడేది ఇదే, ఎందుకంటే ఎత్తు పెరిగితే బలం పెంచడం మన సహజ గుణం. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. ‘వేర్’ దగ్గర మీ గొంతు ‘సమ్’ కంటే గట్టిగా వినిపిస్తే మళ్ళీ పాడండి. పిల్ల పైకి చూస్తోంది, పైకి రాయి విసరడం లేదు.

శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నవారికి ఇంకో మాట. శంకరాభరణం అనగానే మన గొంతు అలవాటుగా గమకం వేస్తుంది, అంటే స్వరాన్ని ఊపుతుంది. ముఖ్యంగా ని పై స వైపు వాలిపోతుంది. ఈ పాటలో మొదటి వరసలో ని రెండుసార్లు వస్తుంది, రెండుసార్లూ కదలకుండా నిలవాలి. ముత్తుస్వామి దీక్షితులవారి నొట్టు స్వరాలు నేర్చుకున్నవారికి ఇది తెలిసిన దారే. పాశ్చాత్య బాణీల మీద శంకరాభరణంలో కట్టిన ఆ కృతుల్లో స్వరాలు గమకం లేకుండా సాదాగా నిలుస్తాయి. అవి రెండు పాడుకుని ఈ పాటకు వస్తే గొంతు ఇట్టే సర్దుకుంటుంది.

ఊపిరి వరస చివర మాత్రమే తీసుకోండి. ‘సమ్‌వేర్’ తర్వాత ఊపిరి పీల్చడం చాలామంది చేసే పొరపాటు. అప్పుడు ‘ఎక్కడో’ అన్న మాట ఒంటరిదై, ‘ఇంద్రధనస్సుకు అవతల’ అన్నది వేరే సంగతిలా వినిపిస్తుంది. నిమిషానికి 80 మాత్రల వేగంలో ఒక వరస 6 సెకన్లే, ఎవరికైనా ఊపిరి సరిపోతుంది.

ఐదో మెట్టు: మధ్య భాగం

మొత్తం పాట 32 బార్లు (బార్ అంటే నాలుగు మాత్రలు). ఎనిమిదేసి బార్ల భాగాలు నాలుగు. పై బాణీ రెండుసార్లు, తర్వాత వేరే బాణీలో మధ్య భాగం, మళ్ళీ మొదటి బాణీ. ఆ రోజుల్లో అమెరికా సినిమా పాటలకు, నాటకాల పాటలకు ఇదే ఎక్కువ వాడుకలో ఉన్న కట్టు. చివర ఒక చిన్న తోక ఉంది, దాని గురించి ఆఖర్న చెబుతాను.

మధ్య భాగంలో బాణీ పూర్తిగా మారిపోతుంది. గ, ప మధ్య ఊయలలా అటూ ఇటూ ఊగుతుంది. తర్వాత మ, ప మధ్య. పియానో నేర్చుకునే పిల్లలు వేళ్ళ సాధనకు వాయించే పాఠంలా ఉంటుంది. ఆర్లెన్ తన కుక్కను పిలవడానికి వేసే ఈల నుంచి ఇది వచ్చిందని కూడా చెబుతారు. ఏదైనా గానీ, ఇది ఆట. మొదటి భాగంలో పిల్ల కలగంటుంది, ఇక్కడ ఆడుకుంటుంది. ఒక చుక్కను కోరుకుంటాను, మబ్బులన్నీ వెనకబడ్డ చోట లేస్తాను, కష్టాలు నిమ్మ బిళ్ళల్లా కరిగిపోతాయి, పొగగొట్టాల కన్నా పైన ఉంటాను అంటుంది. మన కిరాణా కొట్టు సీసాలో ఉండే నిమ్మతొన బిళ్ళను గుర్తు తెచ్చుకోండి, నాలుక మీద కాసేపటికి ఎలా లేకుండా పోతుందో. ఆ మాటను ముద్దుగా, తేలిగ్గా, దాదాపు మాట్లాడినట్టు పాడాలి.

రెండోసారి ఊగు వచ్చినప్పుడు ఒకచోట శుద్ధ మధ్యమం పోయి, అర మెట్టు పైనున్న ప్రతి మధ్యమం వస్తుంది. పొగగొట్టాల మాట దగ్గర అన్నమాట. కీబోర్డు మీద ఆ స్వరం నాలుగైదు సార్లు విని పట్టుకోండి. ఇక్కడ శ్రుతి జారితే తిరిగి మొదటి బాణీలోకి వచ్చేటప్పుడు పెద్ద దూకుడు తప్పుతుంది. తప్పు అక్కడ జరిగిందని పిల్లలు అనుకుంటారు, నిజానికి జరిగేది ఇక్కడ.

ఆరో మెట్టు: ఇంగ్లిష్ ఉచ్చారణ

మన తెలుగు నాలుకకు ఈ పాటలో మూడు చోట్ల సాయం కావాలి.

మొదటిది ‘వ’. మనకు ఒకటే ‘వ’ ఉంది, ఇంగ్లిష్‌కు రెండు. ‘ఓవర్’లో పై పళ్ళు కింది పెదవికి తగలాలి. ‘వేర్’, ‘వే’, ‘విష్’, ‘వై’ అన్న మాటల్లో పళ్ళు తగలకూడదు, పెదాలు సున్నాలా చుట్టాలి. ఇది దూకుడుకు కూడా సాయపడుతుంది. పెదాలు చుట్టినప్పుడే గొంతు పై షడ్జానికి చేరిపోవాలి, పెదాలు విచ్చుకునేసరికి స్వరం సిద్ధంగా ఉంటుంది. కింద మొదలుపెట్టి పైకి ఈడ్చుకుపోయినట్టు వినిపించదు.

రెండోది మాట చివర అచ్చు. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ‘ల్యాండ్’ను ‘ల్యాండు’ చేసేస్తాం. చివరి హల్లును తాకీ తాకనట్టు వదలండి. ‘సమ్’లో కూడా అంతే. రెండు మాత్రలూ అచ్చు మీద నిలిపి, చివరి క్షణంలో పెదాలు మూయండి.

మూడోది ‘ఐ’. ఈ పాటలో సాగే మాటలు చాలావరకు ఈ ధ్వనితోనే ముగుస్తాయి: ‘హై’, ‘లల్లబై’, ‘ఫ్లై’, ‘వై’, ‘ఐ’. సాగదీసేటప్పుడు ‘ఇ’ మీద సాగదీస్తే గొంతు మూసుకుపోయి సన్నగా అవుతుంది. ‘ఆ’ మీద సాగదీసి ‘ఇ’ని ఆఖర్న చేర్చండి. ఒక్క ఈ మార్పుతో పాట సగం బాగుపడటం నేను చాలామందిలో చూశాను.

ఏడో మెట్టు: వెనక వాయిద్యం

గిటారు గానీ కీబోర్డు గానీ కొత్తగా నేర్చుకుంటున్నవారు స ను సి అనుకుని ఇలా పట్టండి. మొదటి వరసకు సి, ఈ మైనర్. రెండో వరసకు ఎఫ్, సి. మూడో వరసకు ఎఫ్, ఎఫ్ మైనర్, సి, ఏ సెవెన్. నాలుగో వరసకు డి సెవెన్, జి సెవెన్, సి. మధ్య భాగానికి సి, జి సెవెన్ మార్చుకుంటూ మొదలుపెట్టండి, ప్రతి మధ్యమం చోట ఎఫ్-షార్ప్ డిమినిష్డ్ వేయండి.

మూడో వరసలో ఉన్న ఎఫ్ మైనర్‌ను కష్టమని వదిలేయకండి. మీరు కింది ద పాడి మ మీదికి దూకుతారు, సరిగ్గా అప్పుడు వెనక కార్డు ఎఫ్ నుంచి ఎఫ్ మైనర్‌కు మారుతుంది. అంటే మీరు ఇప్పుడే పాడిన చతుశ్రుతి ధైవతం, వెనక వాయిద్యంలో అర మెట్టు కిందనున్న శుద్ధ ధైవతంగా దిగుతుంది. పాడేవారి స్వరంలో దిగులు లేదు, కానీ కింద నేల కాస్త చీకటి పడుతుంది. అది ఉంటేనే ఈ పాట ఈ పాట.

అందరికీ తెలిసిన ఉకులేలే పద్ధతి వేరు. హవాయి గాయకుడు ఇజ్రాయెల్ కామకవివొఓలే 1988లో హొనొలులు స్టూడియోలో అర్ధరాత్రి దాటాక ఒక్క టేకులో పాడింది అది. 1993లో ఆల్బమ్‌లో వచ్చాక ప్రపంచమంతా తిరిగింది. చాలామంది తెలుగు పిల్లలు అదే అసలు పాట అనుకుంటారు. అందులో మాటలు కొన్ని మారాయి, బాణీ కూడా చాలాచోట్ల మారింది, పెద్ద దూకుడు ప్రతిసారీ ఉండదు. చాలా అందమైన పాట అది, కానీ అది విని అసలు బాణీ నేర్చుకోలేం. ముందు జూడీ పాట వచ్చాక దాన్ని వినండి. అలాగే 1996లో 33 ఏళ్ళకే చనిపోయిన ఎవా కాసిడీ గిటారుతో పాడింది కూడా వినండి. ఆమె బాణీని తన దారిన వంచుకుంటుంది, అయినా గొంతు ఎక్కడా బరువెక్కదు. ఈ ముగ్గురిలో ఎవర్నీ అనుకరించొద్దని నా విన్నపం. ఎంత తక్కువ బలంతో పాడుతున్నారో చూసి నేర్చుకుంటే చాలు.

వీడియో పెట్టేవారికి ఒక మాట. 1939 పాట కదా, హక్కులు తీరిపోయి ఉంటాయిలే అనుకోకండి. అమెరికాలో 2034 చివరి దాకా ఉన్నాయి. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ళు. హార్బర్గ్ 1981లో, ఆర్లెన్ 1986లో చనిపోయారు. కాబట్టి యూట్యూబ్‌లో పెడితే హక్కుదారుల క్లెయిమ్ రావచ్చు, ఆదాయం వాళ్ళకు వెళ్ళవచ్చు. పాట మాటలు మొత్తం టైపు చేసి కింద పెట్టకండి.

చివరి మెట్టు: తోక

మూడోసారి మొదటి బాణీ వచ్చి, నీలిపిట్టలు ఇంద్రధనస్సు దాటి ఎగురుతున్నాయి, మరి నేనెందుకు ఎగరలేను అంటుంది పిల్ల. అక్కడితో 32 బార్లు అయిపోతాయి, బాణీ కింది స మీద ఆగుతుంది. పాట ఆగదు. మధ్య భాగంలోని ఊయల బాణీ మళ్ళీ వస్తుంది, అదే ప్రశ్నను మళ్ళీ అడుగుతూ పైకి ఎక్కి తార షడ్జం మీద ముగుస్తుంది.

మొదటి మాటలో ఒక్క దూకులో అందుకున్న స్వరమే ఇది. ఈసారి పిల్ల దూకలేదు, ఎక్కి వచ్చింది. అందుకే ఈ చివరి ఎక్కుడును తొందరపెట్టకండి. ఒక్కో స్వరం మీద కాస్త ఆగి, కొంచెం వేగం తగ్గిస్తూ వెళ్ళండి. ‘వై’ దగ్గర గొంతు పెంచాలనిపిస్తుంది, పెంచకండి. ఇది ఎవరినో నిలదీసే ప్రశ్న కాదు. జవాబు చెప్పేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

ఆఖరి ‘ఐ’ని ‘ఆ’ మీద తెరిచి పట్టుకోండి. కదపకుండా నాలుగు మాత్రలు, ఆ తర్వాత కావాలంటే సన్నని కంపనం. ఊపిరి అయిపోయేదాకా లాగవద్దు. ఇంకా కొంచెం మిగిలి ఉండగానే ‘ఇ’ చేర్చి వదిలేయండి. స్వరం ఇల్లు చేరింది, ప్రశ్న మాత్రం చేరలేదు. వెనక వాయిద్యం ఇంకో రెండు బార్లు నడవనివ్వండి, అది ఆగేదాకా మీరు పైకి చూస్తూనే ఉండండి.